గోడలో దాగిన రాయి: కార్డ్‌లెస్ డ్రిల్లు ఎంపిక వెనుక శాస్త్రం

ఇంటి అవసరాలకు తక్కువ ధరలో కార్డ్‌లెస్ డ్రిల్లు, అంటే కరెంటు వైరు లేకుండా బ్యాటరీతో నడిచే డ్రిల్లింగ్ మిషన్, కొనదలచినవారు సాధారణంగా పెట్టె మీద అచ్చువేసిన వోల్టులను, లోపల వచ్చే బిట్ల సంఖ్యను, ధరను పోల్చి చూసి నిర్ణయానికి వస్తారు. ఆ మిషన్ ఆ ఇంట్లో పనికొస్తుందా లేదా అన్న ప్రశ్నకు ఈ మూడింటిలో ఏదీ జవాబు చెప్పదు. జవాబు గోడలో ఉంటుంది. ఆ గోడను దేనితో కట్టారు, అందులో కలిపిన రాయి ఏ నేలది అన్న వివరంలో ఉంటుంది. చిత్తూరు జిల్లా పడమటి మండలాలుగా చిరకాలం పేరుపడ్డ మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలను ఉదాహరణగా తీసుకుంటే ఈ సంగతి తేటతెల్లమవుతుంది, ఎందుకంటే ఇక్కడ రంధ్రం వేయడమంటే చాలా సందర్భాల్లో భూమి మీది అతి పురాతన శిలల్లో ఒకదానితో తలపడడమే.

ఈ మూడు ఊళ్లూ ధార్వాడ్ క్రేటన్ అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే శిలాఖండం మీద ఉన్నాయి. క్రేటన్ అంటే కోట్ల ఏళ్లుగా పెద్ద కదలికలు లేకుండా నిలకడగా నిలిచిన ఖండపు గట్టి భాగం. ఈ శిలాఖండపు తూర్పు భాగంలో పరచుకున్న గ్రానైట్, నైస్ శిలలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. హార్స్‌లీ కొండలు మొదలు కుప్పం చుట్టూ ఉన్న గుట్టల వరకు కనిపించే బోడి బండలన్నీ ఈ జాతివే. ఇక్కడి క్వారీల నుంచి వెళ్లే రాయిలో ‘కుప్పం గ్రీన్’ అనే రకం వ్యాపారంలో పేరున్నది. గ్రానైట్‌లో ప్రధానంగా ఉండే ఖనిజాలు ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్. జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ మోస్ 1812లో ప్రతిపాదించిన కాఠిన్య కొలమానంలో, అంటే ఏ ఖనిజం దేన్ని గీయగలదో చూసి 1 నుంచి 10 వరకు వరుస ఇచ్చే పద్ధతిలో, ఫెల్డ్‌స్పార్ 6వ స్థానంలో, క్వార్ట్జ్ 7వ స్థానంలో నిలుస్తాయి. మామూలు ఇనుప మేకును క్వార్ట్జ్ సులువుగా గీస్తుంది. మేకు మాత్రం దాన్ని గీయలేదు.

కాలిన ఎర్ర ఇటుక గోడలో ఇలాంటి రాయి ఎదురయ్యే సమస్య ఉండదు. పల్లెల్లో ఇంకా నిలిచి ఉన్న రాతి కట్టు మిద్దెల్లో రాయి కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడ రంధ్రం వేయబోయేవారికి ముందే హెచ్చరిక ఉంటుంది, పైగా అలాంటి గోడల్లో రాళ్ల మధ్య సందు వెతికి పని కానిచ్చుకునే వీలుంటుంది. చిక్కు వచ్చేది కొత్త ఇళ్లలో. స్తంభాలు, దూలాలు, స్లాబు, కిటికీలకూ తలుపులకూ పైన పోసే లింటెల్ ఇవన్నీ కాంక్రీటే; కాంక్రీటులో సుమారు సగం ఉండేది కంకర; ఆ కంకర దగ్గరి క్రషర్లలో ముక్కలు చేసిన ఇదే గ్రానైట్, ఇదే నైస్. సున్నం, పుట్టీ, రంగు వేసి నున్నగా కనిపించే గోడ వెనుక కొండ ముక్కలుగా దాగి ఉంటుంది.

ఇంట్లో ఎక్కువగా రంధ్రాలు పడే చోటు ఏదని గమనిస్తే ఈ చిక్కు ఎంత సామాన్యమో తెలుస్తుంది. కొత్త ఇంట్లో చేరగానే ఎవరైనా మొదట తగిలించేది కిటికీ కర్టెన్ రాడ్డు, దాని బ్రాకెట్లు పడేది సరిగ్గా లింటెల్ మీద. బిట్టు మొదటి పది పన్నెండు మిల్లీమీటర్లు, అంటే ప్లాస్టరింగ్ మందం మేరకు, వెన్నలో దిగినట్టు దిగుతుంది, బూడిద రంగు ఇసుక పొడి రాలుతుంది. ఆ తర్వాత దిగడం ఆగిపోతుంది. రాలే పొడి పిండిలా సన్నబడి తెల్లబడుతుంది, మిషన్ శబ్దం కీచుమంటుంది, ఎంత ఒత్తినా బిట్టు అక్కడక్కడే తిరుగుతూ కొన వేడెక్కి నీలం తిరుగుతుంది. కొన్నది నాసిరకం మిషన్ అని ఇంటివారు అనుకోవడం సహజమే గాని, చాలాసార్లు మిషన్ తన జాతికి తగినట్టే పనిచేస్తోంది, దానికి అప్పగించిన పని వేరే జాతిది.

ఇది అర్థం కావాలంటే రాయి ఎలా పగులుతుందో చూడాలి. చెక్కను, ఇనుమును, ప్లాస్టిక్‌ను తొలిచేటప్పుడు బిట్టు అంచు ఆ పదార్థాన్ని కోస్తుంది, చెక్కయితే పొట్టుగా, ఇనుమయితే చుట్టలుగా బయటకు వస్తుంది. రాయి అలా కోతకు లొంగదు. అది పెళుసు పదార్థం; ఒత్తిడిని విపరీతంగా తట్టుకుంటుంది, లాగుడును అందులో పదో వంతు మాత్రమే తట్టుకుంటుంది. అందువల్ల రాతిమీద ఉలి మొన పెట్టి దెబ్బ వేస్తే మొన కింద రాయి నలుగుతుంది, ఆ నలిగిన చోటి నుంచి పక్కలకు పగుళ్లు పాకుతాయి, పగుళ్లు పైకి తేలిన చోట పెచ్చు ఎగురుతుంది. రెండో దెబ్బ అదే గాడిలో పడితే శక్తి వృథా. మొనను కొంచెం తిప్పి వేస్తే మరో పెచ్చు ఎగురుతుంది. రాయలసీమలో తరతరాలుగా రాళ్లు కొట్టే వడ్డెర పనివారు సమ్మెట దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉలిని చేతిలో కొద్దిగా మెలితిప్పుతారు. బండను నిలువునా చీల్చడానికి వరుసగా వేసే గుంటలన్నీ అలా పుట్టినవే. ఆధునిక రాతి డ్రిల్లుల్లో చాలావాటికి మూలసూత్రం ఆ చేతి మెలిక, ఆ దెబ్బ కలిసిన పనితనమే.

ఆ సూత్రం యంత్రంగా మారి పెద్ద ఎత్తున పనిచేసిన చోటు కుప్పానికి ఎంతో దూరంలో లేదు. 1880ల నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఆధ్వర్యంలో తవ్విన కోలారు బంగారు గనుల్లో గాలి ఒత్తిడితో నడిచే రాతి డ్రిల్లులు మూడు కిలోమీటర్లకు పైగా లోతు వరకు శిలను తొలిచాయి. కోలారు బంగారు శిలల పట్టీ దక్షిణపు కొస కుప్పం ప్రాంతంలోకి చొచ్చుకువస్తుంది; అక్కడి చిగరగుంట గనిని భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ 2001లో మూతపడే వరకు నడిపింది. గనిలోని డ్రిల్లు శక్తి దాని తిరుగుడు వేగంలో ఉండదు, ఒక్కొక్క దెబ్బలో ఉంటుంది. ఇంటి డ్రిల్లును ఎంచుకునేవారు గుర్తుపెట్టుకోవలసిన అసలు కొలత కూడా అదే.

దుకాణంలో ఒకే రకంగా కనిపించే డ్రిల్లుల్లో నిజానికి మూడు జాతులు ఉన్నాయి. మొదటిది డ్రిల్-డ్రైవర్: బిట్టును తిప్పుతుంది, స్క్రూలు బిగిస్తుంది, దెబ్బ వేయదు. రెండోది ఇంపాక్ట్ డ్రిల్లు లేదా హ్యామర్ డ్రిల్లు: దీని మెడలో రంపపు పళ్లలాంటి పళ్లున్న రెండు ఉక్కు బిళ్లలు ఎదురెదురుగా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి జారుతూ తిరిగేటప్పుడు పన్ను ఎక్కి పన్ను దిగి చక్‌ను, అంటే బిట్టును పట్టి ఉంచే దవడలను, ముందుకూ వెనక్కూ కుదుపుతాయి. పెట్టె మీద నిమిషానికి 21,000 దెబ్బలు అని ఉంటే అది నిమిషానికి 1,400 చుట్లను ఆ బిళ్లకున్న 15 పళ్లతో హెచ్చవేసిన లెక్క తప్ప మరేమీ కాదు. ఆ కుదుపు ఎత్తు ఒక మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. దాని బలం యంత్రం నుంచి కాక వెనుక నుంచి నెట్టే మనిషి భుజం నుంచి వస్తుంది. ఇటుకకు ఇది చాలు, మామూలు సిమెంటు ఇటుకకు కూడా చాలు. కంకర ముక్క ఎదురైతే చాలదు. మూడోది రోటరీ హ్యామర్: ఇందులో మోటారు ఒక పిస్టన్‌ను ఆడిస్తుంది, పిస్టన్ ముందున్న గాలి నొక్కుకుపోయి మరో ఉక్కు ముక్కను విసురుతుంది, అది వెళ్లి బిట్టు తోకమీద సమ్మెట దెబ్బలా పడుతుంది. దెబ్బలు నిమిషానికి నాలుగైదు వేలే, కాని చిన్న మిషన్‌లో కూడా ఒక్కొక్క దెబ్బ శక్తి ఒకటి నుంచి మూడు జౌళ్ల దాకా ఉంటుంది. జౌల్ అంటే సుమారు వంద గ్రాముల బరువును మీటరు ఎత్తుకు లేపడానికి పట్టే శక్తి. మీటరు ఎత్తు నుంచి పడే రెండు వందల గ్రాముల సుత్తిని నిమిషానికి నాలుగు వేల సార్లు ఉలిమీద వేయగలిగితే కంకర ఎందుకు లొంగుతుందో ఊహించవచ్చు. పళ్ల బిళ్లల జాతి దెబ్బలో ఉండేది జౌల్‌లో చిన్న భాగం.

తక్కువ ధరకు దొరికే కార్డ్‌లెస్ డ్రిల్లులన్నీ దాదాపుగా మొదటి రెండు జాతులవే. అందువల్ల బడ్జెట్ డ్రిల్లు కొనేవారు వేసుకోవలసిన ప్రశ్న ‘ఏది ఎక్కువ బలమైనది’ అని కాదు, ‘ఇంట్లో పనుల్లో ఎన్ని రాతివి, ఎన్ని కావు’ అని.

పెట్టె మీది అంకెలను చదవడం ఆ తర్వాతి పని. లిథియం అయాన్ సెల్లు ఒక్కొక్కటి సగటున 3.6 వోల్టులు ఇస్తుంది, పూర్తిగా చార్జి అయిన క్షణాన 4.2 వోల్టులు చూపుతుంది. అలాంటి సెల్లులు అయిదు వరుసగా కలిపితే సగటు లెక్కన 18 వోల్టులు, గరిష్ఠ లెక్కన 21, మధ్యస్థంగా సవరించి చెబితే 20. కాబట్టి దుకాణంలో 18, 20, 21 వోల్టులని మూడు ధరల్లో పెట్టిన మూడు మిషన్లలోనూ అవే అయిదు సెల్లులు ఉండవచ్చు. మూడు సెల్లులున్నది 12 వోల్టుల మిషన్‌గా అమ్ముడవుతుంది. ఇక 36, 48, 88 అంకెల పక్కన ‘వీఎఫ్’ అని రెండు అక్షరాలు చేర్చి అమ్మే చవక మిషన్లలో ఆ అంకెలకు వోల్టులతో సంబంధమే లేదు. బ్యాటరీ విప్పి చూస్తే అందులోనూ అయిదు సెల్లులే కనిపించడం మామూలు. కొనేవారిని ఇంతగా తప్పుదోవ పట్టించే అచ్చు మరొకటి లేదు, దాన్ని చూడగానే ఆ పెట్టెను పక్కన పెట్టడం మంచిది.

వోల్టుల కన్నా నమ్మదగినది వాట్-అవర్, అంటే బ్యాటరీలో నిల్వ ఉండే మొత్తం శక్తి. వోల్టులను ఆంపియర్-అవర్లతో హెచ్చవేస్తే వస్తుంది. 18 వోల్టులు, 2 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 36 వాట్-అవర్లు, అంటే 1,29,600 జౌళ్లు ఉంటాయి. నష్టమేమీ లేకుండా వాడగలిగితే ఇరవై కేజీల టమాటా క్రేటును మదనపల్లె ఊరి మట్టం నుంచి సుమారు 570 మీటర్లు పైనున్న హార్స్‌లీ కొండల దాకా లేపడానికి ఆ శక్తి సరిపోతుంది. అరచేతిలో పట్టే వస్తువుకు ఇది చిన్న సంగతి కాదు.

టార్క్ విషయంలో మరొక మెలకువ అవసరం. టార్క్ అంటే తిప్పే బలం, న్యూటన్-మీటర్లలో కొలుస్తారు. ఒక మిషన్ మీద 30 న్యూటన్-మీటర్లు, నిమిషానికి 400 చుట్లు అని ఉందనుకుంటే ఆ రెండూ ఒకేసారి అందవు. అందితే ఆ క్షణాన మిషన్ దాదాపు 1,250 వాట్ల పని చేస్తున్నట్టు లెక్క, దానికి 18 వోల్టుల బ్యాటరీ నుంచి 70 ఆంపియర్ల కరెంటు పారాలి; చిన్న బ్యాటరీ దాన్ని తట్టుకోలేదు. ఆ 30 అన్నది బిట్టు బిగుసుకుని ఆగిపోబోయే చివరి క్షణంలోని బలం, ఆ 400 అన్నది గాలిలో ఊరికే తిరిగేటప్పటి వేగం. నిజమైన పని ఈ రెండింటి మధ్య ఎక్కడో జరుగుతుంది. చిన్న మోటారు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటే దాన్ని గ్రహాల్లా చుట్టూ తిరిగే చిన్న పళ్ల చక్రాల పెట్టె తగ్గించి బలంగా మారుస్తుంది, అందుకే మంచి మిషన్ నెత్తిన ఒకటి, రెండు అని రెండు గేర్లు ఉంటాయి: ఒకటి స్క్రూలకు, రెండు రంధ్రాలకు. రెండు గేర్లు లేని మిషన్ ఎంత చవకైనా ఇంటికి కొనదగినది కాదు.

కార్బన్ బ్రష్‌ల మోటారు, బ్రష్‌లెస్ మోటారు అన్న తేడా కూడా ప్రకటనల్లో పెద్దగా కనిపిస్తుంది. తిరిగే భాగానికి కరెంటు అందించడానికి రుద్దుకుంటూ ఉండే బొగ్గు ముక్కలు మొదటిదాంట్లో ఉంటాయి, రెండోదాంట్లో ఆ పని ఎలక్ట్రానిక్ సర్క్యూటు చేస్తుంది, రాపిడి నష్టం లేదు కాబట్టి అదే బ్యాటరీతో ఎక్కువ పని జరుగుతుంది. నెలకు నాలుగు స్క్రూలు బిగించే ఇంటికి ఆ తేడా కోసం అదనంగా ఖర్చు పెట్టనక్కర లేదు.

ఈ మిషన్ ఇంటిదాకా వచ్చిన దారి కూడా చూడదగినదే. విద్యుత్ డ్రిల్లుకు 1889లో మెల్‌బోర్న్‌లో ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్, విలియం బ్లాంచ్ బ్రెయిన్ పేటెంటు తీసుకున్నారు. తీగ లేని డ్రిల్లును అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ సంస్థ 1961లో మార్కెట్లోకి తెచ్చింది, అప్పటి బ్యాటరీ నికెల్-కాడ్మియం. కార్డ్‌లెస్ డ్రిల్లు చంద్రయాత్రల కోసం పుట్టిందని ప్రచారంలో ఉన్న మాట కాలక్రమానికి నిలవదు. 1971లో అపోలో 15 వ్యోమగాములు చంద్రుని మీద వాడిన బ్యాటరీ డ్రిల్లు పదేళ్ల తర్వాతిది. ఆ చంద్రుని డ్రిల్లు తిప్పుతూ దెబ్బ వేసే రకం కావడం మాత్రం ఇక్కడి వాదానికి నేరుగా సంబంధించిన విషయం. సోనీ సంస్థ 1991లో లిథియం అయాన్ బ్యాటరీలను వాణిజ్యపరం చేయగా, 2005లో మిల్వాకీ సంస్థ వాటిని చేతి పనిముట్లలోకి తెచ్చింది. బరువు సగానికి తగ్గడం, మూలన పడి ఉన్నా చార్జి నిలవడం, ఈ రెండూ జరిగాకే కార్డ్‌లెస్ డ్రిల్లు మామూలు ఇంటికి చేరింది.

రాతిని పక్కన పెడితే ఈ మిషన్ పడమటి మండలాల్లో చేయగల పనులు చాలానే ఉన్నాయి. 1990ల చివర్లో ఇజ్రాయెల్ సాంకేతికతతో బిందు సేద్యం ప్రయోగాలు జరిగిన కుప్పంలోనూ, టమాటా పండించే మదనపల్లె చుట్టుపక్కలా డ్రిప్ పరచేటప్పుడు పీవీసీ పైపుకు వరుసగా రంధ్రాలు వేసి రబ్బరు గ్రోమెట్లు కూర్చి సన్న పైపులు తగిలించాలి. చేను మధ్యలో ప్లగ్గు ఉండదు, పీవీసీ మెత్తనిది, గ్రోమెట్ సైజుకు సరిపడే పదునైన బిట్టు ఉంటే 12 వోల్టుల మిషన్ ఒక్క చార్జితో మడి తర్వాత మడి పూర్తి చేస్తుంది. పుంగనూరు పాడి రైతు రేకుల షెడ్డు వేసుకునేటప్పుడు రేకును ఇనుప పైపుకు బిగించే స్క్రూల తల కింద రబ్బరు వాషరు ఉంటుంది. ఎక్కువ బిగిస్తే వాషరు నలిగి వాన కారుతుంది, తక్కువ బిగిస్తే గాలికి రేకు లేస్తుంది. డ్రిల్లు మెడ దగ్గర అంకెలు వేసి ఉండే తిప్పుడు వలయం, అంటే క్లచ్, సరిగ్గా దీనికోసమే: నిర్ణీత బలం చేరగానే టకటకమని జారి తిప్పడం మానేస్తుంది. చిన్న అంకెతో మొదలుపెట్టి వాషరు సమంగా ఆనే చోట ఆపుకుంటే మిగతా స్క్రూలన్నీ అదే బిగువుతో పడతాయి. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టు మగ్గాల చట్రాలకు, వాటి మీద కూర్చున్న, నమూనా నేసే జకార్డు పరికరానికి బోల్టులు సడలినప్పుడు కూడా చెక్కలో కొత్త బెజ్జం వేయాల్సి వస్తుంది. వడ్రంగి పూర్వం బరమాకు తాడు చుట్టి లాగుతూ చేసిన పని అది.

ఇలాంటి పనులే ఎక్కువగా ఉన్న ఇంటికి, ఇటుక గోడలో అప్పుడప్పుడు రంధ్రం వేయగలిగేలా, రెండు గేర్లు, క్లచ్, హ్యామర్ సౌకర్యం ఉన్న 18 వోల్టుల మిషన్, 2 ఆంపియర్-అవర్ల బ్యాటరీతో తీసుకోవడం సమంజసం. గోడ పనే లేకపోతే 12 వోల్టులది తేలిక, చవక, చేతికి అలుపు తక్కువ. లింటెల్, స్తంభం, రాతి కూసం లాంటి వాటికి కరెంటుతో నడిచే రోటరీ హ్యామర్‌ను ఒక పూటకు అద్దెకు తెచ్చుకోవడమో, ఎలక్ట్రీషియన్‌ను పిలవడమో డబ్బు రీత్యా కూడా తెలివైన పని. ఆ ఒక్క పనికోసం ఖరీదైన కార్డ్‌లెస్ కొని మిగతా ఏడాదంతా దాన్ని బీరువాలో పెట్టుకునే కన్నా ఇది ఎంతో మేలు.

లింటెల్‌ను తప్పించుకునే దారి కూడా ఉంది. లింటెల్ ఎత్తు సాధారణంగా అరడుగు, కిటికీకి ఇరువైపులా గోడలోకి చొచ్చేది కూడా మరో అరడుగు. కర్టెన్ రాడ్డును కిటికీ పై అంచు నుంచి ఏడెనిమిది అంగుళాలు పైకి జరిపితే చాలా ఇళ్లలో ఇటుక దొరుకుతుంది, గది కూడా ఎత్తుగా కనిపిస్తుంది. జరపడానికి వీల్లేకపోతే రంధ్రాన్ని చిన్నది చేయాలి. తొలగించాల్సిన రాయి వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 10 మిల్లీమీటర్ల రంధ్రానికి పట్టే శ్రమలో మూడో వంతుకు కొంచెం పైన శ్రమతోనే 6 మిల్లీమీటర్ల రంధ్రం పడుతుంది, మామూలు కర్టెన్ బ్రాకెట్టుకు 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ప్లగ్గు ధారాళంగా సరిపోతుంది. బిట్టు కొనలో టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క అతికి ఉండాలి. మోస్ కొలమానంలో 9 దగ్గర ఉండే ఈ పదార్థం క్వార్ట్జ్‌ను ఎదుర్కొంటుంది. డ్రిల్లుతోపాటు పెట్టెలో వచ్చే వంద వస్తువుల్లో ఉండే నల్లని ఇనుప బిట్లు గోడకు పనికిరావు. మధ్యమధ్య బిట్టును బయటికి లాగి పొడి రాల్చాలి; లోహపు కీచుదనం వినిపిస్తే తగిలింది కంకర కాదు, కాంక్రీటులోని ఇనుప కడ్డీ అని గ్రహించి రెండు సెంటీమీటర్లు పక్కకు జరగాలి. స్విచ్ బోర్డుకు నిటారుగా పైన, కింద మాత్రం కార్డ్‌లెస్ అయినా మరేదైనా రంధ్రం వేయకూడదు, గోడలో దాచిన వైర్లు అక్కడే నడుస్తాయి.

రాలే తెల్లటి పొడిని గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. అందులోని సన్నని క్వార్ట్జ్ ధూళి ఊపిరితిత్తుల్లో చేరి కరగకుండా మిగిలి మచ్చలు కట్టిస్తుంది. దీన్నే సిలికోసిస్ అంటారు, ఇది ఉన్నవారికి క్షయ సోకే ప్రమాదం ఎక్కువ. క్షయ చికిత్సకు దేశమంతటా పేరుపొందిన ఆరోగ్యవరం శానిటోరియం మదనపల్లె పక్కనే ఉంది. ఇంట్లో ఏడాదికి పది రంధ్రాలు వేసేవారికి ఆ జబ్బు రాదు, కాని రోజూ రంధ్రాలు వేసే ఎలక్ట్రీషియన్‌కూ ప్లంబరుకూ వచ్చే ప్రమాదం ఉంది. మంచి మాస్కు, కళ్లద్దాలు ఇంటివారు కొని ఇచ్చి పెట్టుకోమని అడగడం ఖర్చుతో కూడిన పని కాదు.

బ్యాటరీ జీవితకాలమే చివరకు మిషన్ జీవితకాలం. విడిగా బ్యాటరీ దొరకని మిషన్ రెండు మూడేళ్లలో ఇనుప సామాను అవుతుంది, కాబట్టి కొనేముందే అదే బ్యాటరీ విడిగా ఎంతకు, ఎక్కడ దొరుకుతుందో అడగాలి. లిథియం అయాన్‌కు వేడి శత్రువు, నిండు చార్జితో వేడిలో ఉండడం మరీ చేటు. మదనపల్లె చల్లని ఊరే అయినా ఏప్రిల్, మే నెలల్లో రేకుల గదిలోనో ఎండలో నిలిపిన బండి డిక్కీలోనో దాన్ని వదలకూడదు. పని చేసి వేడెక్కిన బ్యాటరీని చల్లారనిచ్చాకే చార్జింగ్ పెట్టాలి, నెలల తరబడి వాడకపోతే సగం చార్జితో నీడపట్టున ఉంచాలి. పాడైన బ్యాటరీని చెత్తబుట్టలో వేస్తే చెత్త బండిలో నలిగి నిప్పు పుట్టవచ్చు; 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది కాబట్టి, దాని కొనలకు టేపు చుట్టి, కొన్న దుకాణంలోనో కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో అప్పగించాలి.